మీకు తెలుసా? నాగసాకి మెచ్చిన బందరు తీరపు అద్దకం

బందరు అని పిలుచుకునే మచిలీపట్నం రేవుకు జపానుతో పాత సంబంధం ఉంది.

17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివారు బందరులో వర్తక స్థావరం పెట్టారు. జపానులో వాళ్లను 1641 నుంచి నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న కృత్రిమ దీవికే పరిమితం చేశారు. బందరు ఉన్న కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు డచ్చి ఓడల్లో అక్కడ దిగేవి. జపానువాళ్లు వాటిని ‘సరస’ అని పిలుచుకుని, చిన్న పీలికనైనా పారేయకుండా తేనీటి వేడుక పాత్రలకు సంచులు కుట్టుకున్నారు. మన పనితనానికి ఎంత మర్యాద!

ఆ విద్య బందరు పక్కనే పెడనలో కలంకారీ పేరుతో ఇంకా బతికే ఉంది. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరవేసి తీసిన ద్రావణాన్ని టేకు అచ్చుకు అద్ది, గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. కరక్కాయ తగిలిన గుడ్డ మీద ఆ గీత నల్లగా తేలుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక అద్ది, రంగు కాగులో ఉడికిస్తారు. స్క్రీన్ ప్రింటు నకళ్లు కూడా కలంకారీ పేరుతోనే అమ్ముడవుతుంటే మనసు చివుక్కుమంటుంది.