నీటి లెక్క ఎవరి కొరకు?

జనగామ జిల్లా పాలకుర్తి వంటి మెట్ట ప్రాంతములలో దసరా దాటిన వెనుక రైతు ముందు నిలుచు ప్రశ్న ఒక్కటే: బావిలో, బోరులో ఉన్న నీరు యాసంగి పైరు కోతవరకు అందునా? ఇందుకు ఉపకరించు అంకెలు ప్రభుత్వ శాఖల వద్ద లేకపోలేదు. వర్షపాతము, పరిశీలక బావుల నీటిమట్టము క్రమముగా నమోదగుచునే యున్నవి. కాని అవి పై కార్యాలయముల అవసరమునకై కూర్చబడినవి. మండలమునకో, జిల్లాకో సగటును చూపును. తన బావి సంగతి తెలియగోరు రైతుకు ఆ సగటు వలన ఒరుగునది స్వల్పము.

ఈ క్రమమును తిరగవేసిన ప్రయత్నమొకటి మన పొరుగుననే జరిగినది. నల్లగొండ, మహబూబునగరములతో సహా నాటి ఆంధ్రప్రదేశములోని ఏడు కరవు జిల్లాలలో, రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకము 2003లో నెదర్లాండ్స్ సహాయముతో ఆరంభమైనది. తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. స్త్రీలు, పురుషులు కలిసి వానను కొలిచిరి. పదునైదు దినములకొకసారి బావులలో నీటి లోతు చూచిరి. మోటారు నీరెంత పోయుచున్నదో లెక్కించిరి. ఆ అంకెలు గ్రామములోనే, అందరికి కనబడు బోర్డుపై వ్రాయబడినవి.

అసలు విశేషము యాసంగికి ముందు జరుగు సమావేశము. ఎవరు ఏ పైరు ఎన్ని ఎకరములు వేయదలచిరో చెప్పుదురు. ఎకరముపై ఒక మిల్లీమీటరు నీరనిన సుమారు 4,000 లీటర్లు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు కావలెను. వేరుసెనగకు అందు సగము చాలును. కావలసినదానిని ఉన్నదానితో పోల్చగా లోటు ఎంతయో తేలును. ఇందు కూడికలు, గుణకారములు తప్ప గొప్ప గణితమేమియు లేదు. ఆజ్ఞాపత్రము లేదు, జరిమానా లేదు. నిర్ణయము రైతుదే. అయినను పెక్కురు వరి తగ్గించి, తక్కువ నీటి పైరులకు మరలిరి.

పంచాయతీ సభ్యులు క్రొత్త రిజిస్టరుకో, సెల్‌ఫోనులో పనిచేయు లెక్కల ఏర్పాటుకో పూనుకొనుటకు ముందు విచారింపవలసినవి కొన్ని కలవు. దీనిని చదువువారెవరు? చదివి ఏమి నిర్ణయింతురు? ఎప్పటిలోగా? నాట్లు పడిన తరువాత చేరిన లెక్క ఎంత నిర్దుష్టమైనను నిరుపయోగమే. ఊరివారు అడుగులలో చెప్పుకొను లోతును మీటర్లలో మాత్రమే వ్రాసిన బోర్డు గోడకు అలంకారమగును. చదువురాని వారికి అంకెలను గ్రామసభలో చదివి వినిపింపవలెను. కొలతలు తీయుట ఒక్కరికే అప్పగింపక, కనీసము ఇద్దరికి నేర్పుట మంచిది. ఒకరు వలసపోయినను పుస్తకములో ఖాళీలు ఏర్పడవు.