మీకు తెలుసా? ఉద్యోగం ఆకాశంలో, ఫిర్యాదు విద్యానగర్‌లో

శంషాబాద్‌లో విమానం ఎక్కగానే మంచినీళ్ల సీసా అందించే అమ్మాయి అసలు ఉద్యోగం అది కాదు. ఆమెను అక్కడ నిలబెట్టింది చట్టం. ఇంచుమించు 50 సీట్లకు ఒకరు చొప్పున క్యాబిన్ క్రూ ఉండాలి. 180 సీట్ల ఎయిర్‌బస్‌కు నలుగురన్నమాట. ముగ్గురే వచ్చారా, ప్రయాణికులంతా బెల్టులు బిగించుకుని కూర్చున్నా విమానం కదలకూడదు. సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో అందరూ బయటపడగలగాలన్నది ప్రయాణికుల పెద్ద విమానాలకు పెట్టే పరీక్ష. నిజంగా ప్రమాదం వచ్చిన రోజు ఆ తలుపులు తెరిచేదీ, భయంతో బిగుసుకుపోయిన వాళ్లను జారుడుబల్ల మీదకు నెట్టేదీ ఈ నలుగురే. టీ, శాండ్‌విచ్ తర్వాతి సంగతి.

ఈ లెక్క గుర్తుంచుకోండి. ఒక్కరు తగ్గితే విమానం ఆగుతుంది. క్యాబిన్ క్రూ బేరమాడే బలమంతా దీని మీదే ఉంది, కంపెనీల భయమూ దీని మీదే.

*

హైదరాబాద్‌కు ఒకప్పుడు సొంత విమాన సంస్థ ఉండేది. నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ అది. 1953లో కేంద్రం విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు మిగతా వాటితో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. యజమాని ఒక్కడే అయితే సంఘం కట్టడం తేలిక. ప్రభుత్వ విమాన సంస్థల్లో యూనియన్లు వేళ్లూనుకోవడానికి అదొక కారణం. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలన్నీ శంషాబాద్‌కు మారేనాటికి ఆకాశంలో ఎక్కువ వాటా ప్రైవేటు కంపెనీలదే. అక్కడ సంఘం మాటెత్తితే చాలు, కనుబొమలు ముడిపడేవి.

శంషాబాద్ తెరిచిన ఏడాదే, అక్టోబరులో, జెట్ ఎయిర్‌వేస్ ఒక్కసారిగా వందల మంది క్యాబిన్ క్రూను ఇంటికి పొమ్మంది. యూనిఫారాల్లోనే వాళ్లు రోడ్డు మీదికొచ్చారు. రాజకీయ పార్టీలు దిగాయి, టీవీలు దిగాయి, రెండు రోజులు తిరక్కుండానే అందర్నీ వెనక్కి పిలిచారు. మరుసటి ఏడాది అదే సంస్థలో పైలట్లు సంఘం పెట్టుకోగా ఇద్దరిని తీసేస్తే, మిగతావాళ్లు మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టారు. కంపెనీ దిగొచ్చింది. ‘జ్వరం సమ్మె’ కొత్త విద్యేమీ కాదు.

*

ఎయిర్ ఇండియాలో ఒకప్పుడు ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం పోవడానికి మూడు దారులుండేవని తెలుసా? 35 ఏళ్లు నిండటం, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకోవడం, మొదటిసారి గర్భం దాల్చడం. ఏది ముందైతే అప్పుడే సెలవు. మేనేజింగ్ డైరెక్టర్‌కు దయ కలిగితే ఏడాదికోసారి చొప్పున 45 దాకా పొడిగించవచ్చు. అదే విమానంలో అదే ట్రాలీ తోసే మగవాళ్లకు మాత్రం 58 ఏళ్లు.

ఈ నిబంధనలు రాత్రికి రాత్రి కోర్టుకెక్కలేదు. అంతకుముందు ఖోస్లా, మహేష్ ట్రిబ్యునళ్ల ముందు వాదనలు నడిచాయి. చిన్న వయసు, చక్కని రూపు ఉంటే చిరాకు ప్రయాణికులను సముదాయించడం సులువన్న ధోరణి అప్పటి తీర్పుల్లో కనిపిస్తుంది. చివరికి నర్గేష్ మీర్జా, మరికొందరు ఎయిర్‌హోస్టెస్‌లు వేసిన కేసులో 1981 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గర్భం వస్తే తీసేయడం భారత స్త్రీజాతికే బహిరంగ అవమానమని ఆ నిబంధనను కొట్టేసింది. పొడిగింపు మేనేజింగ్ డైరెక్టర్ ఇష్టానికి వదిలేయడమూ చెల్లదంది. ఆరోగ్యం బాగుంటే 45 వరకు పనిచేయవచ్చని తేల్చింది.

అందరూ చెప్పుకునే భాగం ఇంతవరకే. చెప్పుకోనిది ఇంకోటుంది. నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకోకూడదన్న నిబంధనను అదే తీర్పు నిలబెట్టింది! పందొమ్మిదేళ్లకు చేరిన పిల్ల ఇరవైమూడేళ్ల దాకా ఆగితే పరిణతి వస్తుందట, కుటుంబ నియంత్రణకూ మంచిదట. మగవాళ్లతో సమానంగా చూడాలన్న వాదననూ ఒప్పుకోలేదు, వాళ్లది వేరే కేడర్ అన్నారు. గెలుపే, కానీ సగం గెలుపు.

ఇప్పటి చట్టం మాట వేరు. ప్రసవానికి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల చొప్పున జీతంతో సెలవు. 2017 సవరణతో వచ్చిన మేలు ఇది. ఆ సెలవులో ఉండగా ఉద్యోగం తీసేస్తే అది చట్టవిరుద్ధం.

*

యూనియన్ అంటే ఎప్పుడూ బలహీనుల పక్షమేనా? 2011 నాటి కేసు చూడండి. విమానంలో క్రూ మొత్తానికి పెద్దగా ఉండే ఇన్‌ఫ్లైట్ సూపర్‌వైజర్ పదవి ఎయిర్ ఇండియాలో దశాబ్దాలపాటు మగవాళ్లకే. 2005 డిసెంబరులో సంస్థ ఆ తలుపు ఆడవాళ్లకూ తెరిచింది. దాన్ని ఆపమని కోర్టుకెళ్లింది ఎవరనుకున్నారు? ఎయిర్ ఇండియా క్యాబిన్ క్రూ అసోసియేషన్, మగ ఉద్యోగులు. 2011 నవంబరులో సుప్రీంకోర్టు వాళ్ల వాదన తోసిపుచ్చింది. కమిటీలో ఎవరు కూర్చుంటే వాళ్ల బాధలే సంఘం బాధలవుతాయి. కాబట్టి చందా కట్టి ఊరుకోకండమ్మా, కమిటీలో కుర్చీ అడగండి.

*

2024 మే 7 రాత్రి నుంచి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ క్రూలో రెండు వందల మందికి పైగా ఒంట్లో బాగాలేదని ఫోన్లు చేశారు. రెండు రోజుల్లో వందకు పైగా విమానాలు రద్దయ్యాయి. సూట్‌కేసుల మీద తల వాల్చి పడుకున్న ప్రయాణికుల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. కంపెనీ పాతిక మందిని తీసేసింది. మే 9న ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ దగ్గర కంపెనీని, యూనియన్‌ను ఎదురెదురుగా కూర్చోబెట్టారు. సాయంత్రానికి పాతిక మందీ తిరిగి ఉద్యోగంలోకి, మిగతావాళ్లు డ్యూటీలోకి. అక్కడ బేరమాడింది భారతీయ మజ్దూర్ సంఘ్‌కు అనుబంధమైన ఉద్యోగుల యూనియన్. సంఘం లేకపోతే కమిషనర్ ఎదుటి కుర్చీలో ఎవరు కూర్చునేవారు?

ఇప్పుడు అదే పని చేస్తే? జాగ్రత్త. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒకే రోజు సగం మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మె కిందికే వస్తుంది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసివ్వాలి. రాజీ చర్చలు నడుస్తుండగా, అవి ముగిశాక మరో ఏడు రోజులు, సమ్మె చేయకూడదు. నోటీసు లేని సమ్మెకు జరిమానా ఉంది, నెల వరకు జైలూ ఉంది. కోడ్‌లో రాసింది క్యాజువల్ లీవు గురించే, సిక్ లీవు గురించి కాదు. ఈ సందులో రేపు ఎన్ని కేసులు నడుస్తాయో లాయర్లకే ఎరుక.

అదే కోడ్‌లో యూనియన్లకు పనికొచ్చే మాటా ఉంది. ఒక్క సంఘానికే 51 శాతం కార్మికుల మద్దతుంటే కంపెనీ దానితోనే చర్చించాలి. ఎవరికీ అంత బలం లేకపోతే కనీసం 20 శాతం మద్దతున్న సంఘాలన్నీ కలిసి మండలిగా కూర్చుంటాయి.

*

లేఓవర్‌లో దిగిన హోటల్, తెల్లవారుజామున మూడింటికి ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లే కంపెనీ క్యాబ్... చట్టం దృష్టిలో ఇవన్నీ ఆఫీసే. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఉద్యోగం మీద వెళ్లిన ప్రతి చోటునూ, యజమాని ఏర్పాటు చేసిన రవాణానూ పని ప్రదేశంగానే లెక్కిస్తుంది. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, తగిన కారణం ఉంటే ఇంకో మూడు. వేధించినవాడు ప్రయాణికుడైతే? బాధితురాలు కోరితే అతడి మీద క్రిమినల్ కేసు పెట్టించే బాధ్యత యజమానిదే. శంషాబాద్‌లో దిగాక అయితే ఆర్‌జీఐఏ పోలీస్ స్టేషన్ పక్కనే ఉంది.

నోరు పారేసుకున్నా, చెయ్యి చేసుకున్నా ప్రయాణికుడిని విమానం ఎక్కనివ్వకుండా చేసే నిబంధనలు 2017 సెప్టెంబరులో వచ్చాయి. మాటలకైతే మూడు నెలల దాకా, చేతలకైతే ఆరు నెలల దాకా, ప్రాణం మీదికి తెస్తే కనీసం రెండేళ్లు. ఆ ఏడాది మార్చిలో అప్పటి మహారాష్ట్ర ఎంపీ రవీంద్ర గైక్వాడ్ విమాన సంస్థ ఉద్యోగిపై చెయ్యి చేసుకున్న ఉదంతం, జూన్‌లో విశాఖ విమానాశ్రయంలో అప్పటి మన అనంతపురం ఎంపీ జేసీ దివాకర్ రెడ్డి గొడవ జరిగాయి. ఇద్దరినీ విమాన సంస్థలు కొన్నాళ్లు దూరం పెట్టాయి.

*

చాలా సంస్థల్లో విమానం తలుపులు మూశాకే క్యాబిన్ క్రూ జీతానికి గంటల లెక్క మొదలవుతుందనీ, ప్రయాణికులను ఎక్కించేటప్పుడు పడే పాట్లకు డబ్బు రాదనీ ఎంతమందికి తెలుసు? 2025 ఆగస్టు 16న ఎయిర్ కెనడాలో పదివేల మందికి పైగా క్యాబిన్ క్రూ సమ్మెకు దిగింది ప్రధానంగా దీని మీదే. ప్రభుత్వం పనిలోకి పొమ్మంది, వాళ్లు కదల్లేదు. నాలుగో రోజుకు ఒప్పందం కుదిరింది.

*

బాండు గురించి ఒక మాట. ఉద్యోగం మధ్యలో మానేస్తే ఇంత కట్టాలనే బాండు కాగితం చెల్లనే చెల్లదని స్నేహితులు చెబుతారు. నమ్మకండి. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతు సరైనదేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే నష్టపరిహారం సహేతుకంగా ఉండాలి. సంతకం పెట్టేముందు ఆ అంకె చదవండి, నకలు అడిగి తీసుకోండి.

మానేసినా, తీసేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలన్నది వేతనాల కోడ్ మాట. నిర్ణీత కాలం కాంట్రాక్టు మీద చేరినవారికి ఏడాది పూర్తయితే చాలు, గ్రాట్యుటీ వస్తుంది. ఐదేళ్లు ఆగనక్కర్లేదు. కంపెనీయే మూతపడితే? 2019 ఏప్రిల్‌లో జెట్ విమానాలు ఆగిపోయాక ఉద్యోగుల సంఘాలు పీఎఫ్, గ్రాట్యుటీ కోసం ట్రిబ్యునల్‌లో పోరాడి గెలిచాయి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు.

*

ఇక ఫిర్యాదుతో ఎక్కడికెళ్లాలి? చాలామంది రాష్ట్ర కార్మిక శాఖ ఆఫీసుకెళ్లి, ఇది మాది కాదనిపించుకుని తిరిగొస్తారు. విమాన రవాణా కేంద్రం పరిధిలోది. కంపెనీ ప్రైవేటుదైనా సరే, వివాదం వెళ్లాల్సింది కేంద్ర లేబర్ కమిషనర్ దగ్గరికే. హైదరాబాద్‌లో ఆ ఆఫీసు విద్యానగర్‌లోని ఏటీఐ ఆవరణలో ఉంది. వెళ్లేటప్పుడు అపాయింట్‌మెంట్ ఆర్డరు, జీతం స్లిప్పులు, రోస్టర్ నకళ్లు వెంట తీసుకెళ్లండి. రోస్టర్ యాప్‌లో మారిపోతుంటుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే ఫోన్‌లో ఫొటో తీసి దాచుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేయకండి. కాగితం మీద రాసివ్వండి, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకుని మరీ బయటికి రండి.