ఉప్పెన ఏ వైపుకు వస్తుంది?

పిల్లలూ! "తుఫాను అనగానేమి?" అని పరీక్షలో అడిగితే మీలో చాలామంది గుక్క తిప్పుకోకుండా వ్రాసేస్తారు: వెచ్చని సముద్రంమీద అల్పపీడనం ఏర్పడటం, చుట్టూ ఉన్న గాలి సుడి తిరుగుతూ దానిలోకి రావటం. జవాబు సరైనదే. మార్కులూ పడతాయి. కాని 1977 నవంబరు 19వ తేదీన తుఫాను చీరాల దగ్గర తీరం దాటితే, ఉప్పెన దివిసీమను ఎందుకు ముంచింది? దీనికి మీ జవాబు చాలదు.

ఆనాడు సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున ఊళ్ళమీదికి వచ్చింది. సుమారు 10,000 మంది చనిపోయారని ప్రభుత్వపు లెక్క. వారిలో ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది గాలి కాదు, నీరు.

ఒక కాగితమూ, పెన్సిలూ తెచ్చుకోండి. కాగితం కింది ఎడమ మూలనుంచి పై కుడి మూలకు ఒక గీత గీయండి. అది మన కోస్తా. గీతకు కుడివైపున సముద్రం, ఎడమవైపున నేల. గీత మధ్య ఒక చుక్క పెట్టండి. అదే తుఫాను కేంద్రం. భూమి తనచుట్టూ తాను తిరగటంవల్ల, భూమధ్యరేఖకు ఉత్తరాన వీచేగాలి కుడిచేతివైపుకు మళ్ళుతుంది. అందుచేత కేంద్రంలోకి పరుగెత్తే గాలి తిన్నగా అక్కడికి చేరలేక, గడియారపు ముళ్ళు తిరిగే దిక్కుకు ఎదురుగా సుడి తిరుగుతుంది. చుక్క చుట్టూ బాణాలు అలాగే గీయండి.

చూశారా? చుక్కకు ఈశాన్యాన బాణాలు సముద్రంమీదినుంచి నేలమీదికి వస్తున్నాయి. నైరుతిన నేలమీదినుంచి సముద్రంలోకి పోతున్నాయి. మరి చీరాలకు ఈశాన్యాన ఏమున్నది? అట్లాసు తెరవండి. దివిసీమే!

గాలి నీటిని ఒడ్డుకు నెడుతుంది. సముద్రం లోతైనదైతే ఆ నీరు అడుగుగా వెనక్కు పోతుంది. ఒడ్డున లోతు తక్కువైతే పోవటానికి దారిలేక పైకి లేస్తుంది. దివిసీమ కృష్ణానది తెచ్చిపోసిన ఒండ్రుమట్టి నేల, బల్లపరుపుగా ఉంటుంది. ఇక నీటికి అడ్డేముంది?

పెద్దలు కూడా మోసపోయే సంగతి ఇంకొకటి ఉన్నది. తుఫాను నడిమధ్యన గాలి ఉండదు. దాన్నే "కన్ను" అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కన్ను విశాఖపట్నం మీదుగా పోయింది. అలాంటప్పుడు హోరుగాలి ఉన్నట్టుండి ఆగుతుంది. తుఫాను వెలిసిందనుకుని బయటికి పోరాదు. కాసేపటికి ఎదురు దిక్కునుంచి రెండో సగం విరుచుకుపడుతుంది. మీ బొమ్మలో చుక్కకు రెండు పక్కలా బాణాలు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ఇప్పుడు చుక్కను మచిలీపట్నం దగ్గరికి జరపండి. ఉప్పెన భయం ఎక్కువ ఎవరికి, నిజాంపట్నానికా, అంతర్వేదికా?