దంతాల క్రమీకరణ చికిత్సలో ఎముక మార్పులు – లాలాజల పరీక్ష

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:
• క్లిప్పులు వేసినప్పుడు దంతం ఎముకలో ఎలా కదులుతుంది?
• ఆ మార్పుల జాడ లాలాజలంలోకి ఎలా చేరుతుంది?
• లాలాజల పరీక్ష ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు?

1. పరిచయం

ఎత్తుపళ్ళను, వంకర పళ్ళను సరిచేయడానికి క్లిప్పులు వేయించుకొన్నవారిని మీరు చూసే ఉంటారు. మీలో కొందరు వేయించుకొని కూడా ఉండవచ్చు. నేను పాఠం చెప్పే రోజుల్లో ఒక విద్యార్థిని, "సార్, తీగను ఇంకాస్త గట్టిగా బిగిస్తే చికిత్స తొందరగా అయిపోదా?" అని అడిగింది. చాలామందికి వచ్చే సందేహమే ఇది. దీనికి సమాధానం దంతంలో లేదు, దాన్ని పట్టుకొని ఉన్న ఎముకలో ఉంది.

2. దంతం ఎలా కదులుతుంది?

దంతం గోడకు కొట్టిన మేకు వంటిది కాదు. దంతమూలానికీ దవడ ఎముకకూ మధ్య పెరియోడాంటల్ లిగమెంట్ అనే పలుచని తంతు పొర ఉంటుంది. దీని మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు. ఇందులో రక్తనాళాలు, నాడులు, అనేక రకాల కణాలు ఉంటాయి.

తీగ దంతాన్ని ఒక వైపు నెట్టినప్పుడు ఆ వైపు పొర నలుగుతుంది, రెండో వైపు సాగుతుంది. నలిగిన వైపు ఆస్టియోక్లాస్టులు అనే కణాలు ఎముకను కరిగిస్తాయి. సాగిన వైపు ఆస్టియోబ్లాస్టులు కొత్త ఎముకను నిర్మిస్తాయి. ముందు దారి తెరుచుకొంటుంది, వెనక ఖాళీ పూడుతుంది. ఈ విధంగా దంతం సాధారణంగా నెలకు 1 మిల్లీమీటరు వరకు కదులుతుంది.

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు వద్దాం. బలం ఎక్కువైతే నలిగిన వైపు రక్తప్రసరణ ఆగి, అక్కడి కణాలు చనిపోతాయి. ఎముకను కరిగించవలసిన కణాలే అక్కడ లేనప్పుడు దంతం కదలదు. పక్క ప్రాంతాల నుంచి ఆస్టియోక్లాస్టులు వచ్చి, ఎముకను వెనక నుంచి తొలిచేవరకు అది నిలిచిపోతుంది. అంటే తొందరపడితే ఆలస్యమే మిగులుతుంది. పైగా దంతమూలం కూడా కరిగి పొట్టిదయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఎముక మళ్ళీ పెరుగుతుంది గాని, పొట్టిదైన మూలం తిరిగి మునుపటి పొడవుకు రాదు. అందువల్ల లోపల ఏం జరుగుతున్నదో ముందుగా తెలుసుకోవడం అవసరం.

3. ఎక్స్-రే ఉండగా లాలాజలం ఎందుకు?

ఎముకలోని ఖనిజ పదార్థం సుమారు 30 నుంచి 50 శాతం తగ్గితేగాని మామూలు ఎక్స్-రేలో ఆ మార్పు స్పష్టంగా కనిపించదు. అంటే ఎక్స్-రే జరిగిపోయినదాన్ని చూపుతుంది, జరుగుతున్నదాన్ని కాదు. చికిత్స పొందేవారిలో పిల్లలు ఎక్కువ కాబట్టి మాటిమాటికీ వారిని రేడియేషన్‌కు గురిచేయడం మంచిది కాదు.

లాలాజలాన్ని సూది గుచ్చకుండా, ఎన్నిసార్లయినా సేకరించవచ్చు. పెరోటిడ్, అధోజంభికా, అధోజిహ్వికా గ్రంథులు, అనేక చిన్న గ్రంథులు కలిసి రోజుకు సుమారు 0.5 నుంచి 1.5 లీటర్ల లాలాజలాన్ని స్రవిస్తాయి. ఇందులో 99 శాతం నీరే. మిగిలిన కొద్ది భాగంలోనే మనకు కావలసిన సమాచారం ఉంటుంది. ఎముక మార్పుల్లో విడుదలైన ప్రోటీన్‌లు చిగురుకూ దంతానికీ మధ్య ఉన్న సన్నని సందులో ఊరే ద్రవం ద్వారా లాలాజలంలో కలుస్తాయి.

4. లాలాజలంలో వేటిని కొలుస్తారు?

(అ) ర్యాంక్-ఎల్, ఓపీజీ: ర్యాంక్-ఎల్ అనే ప్రోటీన్ ఆస్టియోక్లాస్టుల పూర్వకణాలపై ఉన్న గ్రాహకానికి అతుక్కొని, ఎముకను కరిగించే కణాలుగా వాటిని మారుస్తుంది. ఓపీజీ, అంటే ఆస్టియోప్రొటెజెరిన్, ర్యాంక్-ఎల్‌ను ముందే పట్టుకొని ఆ పని జరగకుండా ఆపుతుంది. అందువల్ల ఈ రెండింటి నిష్పత్తి ముఖ్యం. అది పెరిగితే ఎముక కరిగే వైపు, తగ్గితే నిర్మాణం వైపు మొగ్గు ఉన్నట్లు భావిస్తారు.

(ఆ) ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఆస్టియోకాల్సిన్: ఇవి ఆస్టియోబ్లాస్టుల చురుకుదనానికి, అంటే ఎముక నిర్మాణానికి సూచికలు.

(ఇ) డెంటిన్ ప్రోటీన్‌లు: ఇవి దంతంలోని డెంటిన్ పొరకు సంబంధించినవి. వీటి జాడ పెరిగితే దంతమూలం కరుగుతున్నదేమోనని అనుమానించవచ్చు.

5. నమూనా సేకరణ

సాధారణంగా ప్రతిసారీ ఒకే సమయంలో, ఆహారం తీసుకొన్న కనీసం గంట తరవాత, నోరు నీటితో పుక్కిలించి నమూనా ఇవ్వాలి. ఏమీ నమలకుండా, నోటిలో ఊరిన లాలాజలాన్ని గొట్టంలోకి జారవిడవాలి. బ్రష్ చేసిన వెంటనే ఇవ్వరాదు. చిగుళ్ళ రక్తం కలిస్తే ఫలితం తారుమారవుతుంది. నమూనాను మంచులో ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవాన్ని ఎలీసా పద్ధతిలో పరీక్షిస్తారు. వెంటనే పరీక్షించలేకపోతే మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ వద్ద భద్రపరుస్తారు.

6. పరిమితులు

అనేక కాలువల నీరు చేరిన చెరువును ఊహించుకోండి. చెరువు నీటిని పరీక్షించి, ఫలానా మలినం ఏ కాలువ నుంచి వచ్చిందో చెప్పలేం. అలాగే లాలాజలం నోటి మొత్తం స్థితిని చెబుతుంది గాని, ఏ దంతం వద్ద మార్పు జరిగిందో చెప్పదు. చిగుళ్ళ వాపు ఉన్నా ఇవే ప్రోటీన్‌లు పెరుగుతాయి. క్లిప్పులున్నవారిలో ఆ వాపు సాధారణమే. వయసు, లాలాజలం ఊరే వేగం కూడా ఫలితాన్ని మారుస్తాయి. కాబట్టి ఒక్కసారి వచ్చిన అంకెకు విలువ తక్కువ. ఒకే వ్యక్తి నమూనాలను చికిత్సకు ముందు నుంచి వరుసగా పోల్చాలి. ఈ పరీక్ష ప్రధానంగా పరిశోధన దశలోనే ఉంది, ఎక్స్-రేకు ప్రత్యామ్నాయం కాదు.

7. సారాంశం

దంతం కదలడమంటే ఎముక ఒక వైపు కరిగి, మరో వైపు పెరగడం. ఆ పనిచేసే కణాల సంకేతాలు లాలాజలంలో కొద్దిగా దొరుకుతాయి. వాటిని జాగ్రత్తగా చదవగలిగితే ఎంత బలం వాడాలో, ఎప్పుడు ఆగాలో వైద్యుడికి ముందే తెలిసే అవకాశం ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. తీగను అధికంగా బిగిస్తే దంతం కదలిక ఎందుకు ఆలస్యమవుతుంది?
2. ర్యాంక్-ఎల్, ఓపీజీలను విడివిడిగా కాక నిష్పత్తిగా ఎందుకు చూస్తారు?
3. చిగుళ్ళ వాపు ఉన్న వ్యక్తి లాలాజల ఫలితాన్ని మీరు ఎలా అర్థం చేసుకొంటారు?