మిగిలిన మెతుకు ఎవరి కంచంలోకి?

మా అమ్మ అన్నం తిని లేచాక కంచం చూస్తే, తిన్నదో కడిగి పెట్టిందో చెప్పడం కష్టంగా ఉండేది. మెతుకు కింద పడితే వేలితో అద్ది నోట్లో వేసుకునేది. మేం అన్నం వదిలేస్తే కొట్టేది కాదు. ‘‘దాన్ని నాటినప్పుడు నా నడుం వంగింది. కోసినప్పుడు మీ నాన్న వేలు తెగింది. పారేసే ముందు మమ్మల్ని ఒక మాట అడుగు’’ అనేది. కృతజ్ఞత అంటే ఏమిటో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

కృష్ణా డెల్టాలో కూలి ఇళ్లలో పుట్టినవాళ్లకి ఈ పాఠం కొత్త కాదు. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరడానికి, అంటే పరిగె ఏరడానికి, నేనూ మా చెల్లీ గోతం పట్టుకుని పోయేవాళ్లం. ఎలుక బొక్కలు తవ్వి వెన్నులు లాగేవాళ్లూ ఉండేవాళ్లు. ఆసామి మంచివాడైతే ఊరుకునేవాడు, కాకపోతే కర్ర పట్టుకుని తరిమేవాడు. పొద్దస్తమానం ఏరితే మానికెడు గింజలు. అమ్మ వాటిని రోట్లో దంచి, చేటతో చెరిగేది. బియ్యం కుండలోకి, నూకలు జావలోకి, తవుడు గేదె కుడితిలోకి, ఊక పొయ్యిలోకి. ఏదీ పారేసేది కాదు. కోత మిషన్లు వచ్చాక మా వైపు పరిగె పోయింది. కోత కూలీ చాలావరకు పోయింది.

పారబోయడం ఎరగని పొయ్యి

మన ఆడవాళ్లకి పొదుపు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోస్తే తెల్లారేసరికి చద్దన్నం. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉంటే నాట్లకు పోయే మనిషికి మధ్యాహ్నం దాకా అదే బలం. మజ్జిగ లేని రోజు ఉప్పే మజ్జిగ. బీరకాయ కూరకి, తొక్కు పచ్చడికి. తోటకూర ఆకు వేపుడికి, కాడలు పులుసులోకి. ఎక్కువ మిగిలిన అన్నం జీలకర్ర, కారం కలిపి ఎండబెడితే వడియాలు.

గంజి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మర పట్టి తెల్లగా చేసిన బియ్యంలో, తవుడుతో పాటే బి విటమిన్లు చాలావరకు పోతాయి. మిగిలిన కాస్తలో కొంత కడుగు నీళ్లలోకి, కొంత గంజిలోకి దిగుతుంది. అందుకే బియ్యాన్ని తెల్లగా అయ్యేదాకా పదిసార్లు కడగొద్దు, గంజి పారబోయొద్దు. ఉప్పేసుకుని తాగిన మన పెద్దవాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు.

ఒక హెచ్చరిక కూడా. చద్దన్నం పుల్లగా ఉండొచ్చు గానీ, జిగురుగా తీగలు సాగినా, కంపు కొట్టినా అది తిండి కాదు. ఎండాకాలం పొద్దున వండింది నీళ్లు పోయకుండా రాత్రి దాకా ఉంచితే రోగం తెచ్చుకున్నట్టే. పారేస్తే పాపమని పాచిపోయింది మింగకండి. ఒక పూట ఆసుపత్రి ఖర్చు నెల బియ్యాన్ని మింగేస్తుంది.

దణ్ణం ఎవరికి?

ఇక కృతజ్ఞత. ఈ మాట మన దగ్గర ఎవరు ఎక్కువగా వాడతారో గమనించారా? కూలి పెంచమని నాట్లు ఆపినప్పుడల్లా ఆసాముల నోట వచ్చే మొదటి మాట: ‘‘మా గింజలు తిని, తిన్నింటి వాసాలు లెక్కపెడతారా?’’ ఆ వాసాలు మోసుకొచ్చి ఇంటి మీదకి ఎక్కించిందెవరో, ఆ గింజలు నాటి, కోసి, కుప్ప వేసి, నూర్చిందెవరో వాళ్లు చెప్పరు. పెళ్లిలో మిగిలిన పులిహోర పెరటి గుమ్మం దగ్గర మన చెంబుల్లో, తపాలాల్లో పోసి పది మందికీ చెప్పుకునేవాళ్లు. పంక్తిలో కూర్చోబెట్టి మొదట వడ్డించిన రోజు ఒక్కటీ నాకు గుర్తు లేదు.

సర్కారు బియ్యమూ అంతే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చి, మనిషికి నెలకి 5 కిలోలు హక్కు అన్నది. 2023 జనవరి నుంచి అవి ఉచితం. ఏ పార్టీ వచ్చినా తన బొమ్మ పెట్టి, తన జేబులోంచి ఇచ్చినట్టు దణ్ణం అడుగుతుంది. చట్టం ఇచ్చింది హక్కు. హక్కుకి రసీదు ఉంటుంది గానీ దణ్ణం ఉండదు. ఈ పాలకులే 2010లో ఏం చేశారో మరిచిపోవద్దు. గోదాముల్లో ధాన్యం కుళ్లిపోనివ్వకుండా పేదలకు ఉచితంగా పంచమని సుప్రీంకోర్టు అంటే, అప్పటి కేంద్ర ప్రభుత్వం అలా పంచడం కుదరదన్నది.

ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం, 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది. అందులో నూటికి 60 వంతులు ఇళ్లలోనే. ఆ ఏడాదే 70 కోట్ల మందికి పైగా ఆకలితో ఉన్నారు. తిండి లేక కాదు ఆకలి. తిండి ఒకచోట, ఆకలి ఇంకోచోట ఉండబట్టి.

పెద్దమ్మ వేసిన ప్రశ్న

ఇదంతా నేను ఒక పేటలో ఆడవాళ్ల మీటింగులో గంటసేపు చెప్పాను. చప్పట్లు కొడతారనుకున్నాను. వెనకాల కూర్చున్న ఒక పెద్దమ్మ లేచింది.

‘‘చానా బాగా చెప్పావు గానీ నాయనా, మీ ఇంట్లో రాత్రి మిగిలింది పొద్దున ఎవరు తింటారు?’’

‘‘మా ఇంటావిడ’’ అన్నాను.

‘‘నువ్వు తినవా?’’

‘‘నాకు వేడన్నం పెడుతుంది.’’

‘‘మరి రాత్రి ఏమీ మిగలని రోజు ఆ తల్లి ఏం తింటది?’’

నేను నీళ్లు నమిలాను. పెళ్లయి ఇరవై ఏళ్లు. ఆ మాట ఒక్కసారీ అడిగి ఎరగను. ఆడవాళ్లంతా నవ్వారు. చప్పట్లు కొట్టింది ఆ పెద్దమ్మకే.

ఇంటికొచ్చి ఒక వారం గమనించాను. ముందు నాకు, తర్వాత పిల్లలకి, చివర తనకి. నాలుగు రోజులు కూర ఆవిడ దాకా రాలేదు. గిన్నెకి అంటుకున్న దాంట్లో అన్నం కలుపుకుని తింది. పెరటి గుమ్మం దగ్గర నిలబెట్టి మిగిలింది పెడతారని ఆసామిని తిట్టే నేను, మా ఇంట్లో నేనే ఆసామిని.

ఇది నా ఒక్క ఇంటి కథ కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి ఆంధ్రప్రదేశ్‌లో, దాదాపు 58 మందికి తెలంగాణాలో రక్తహీనత. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. చివర తినడం, మిగిలింది తినడం కూడా అందులో ఒకటి కాదని ఏ మగవాడు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలడు?

కాబట్టి మిత్రులారా, మెతుకు పారేయొద్దనే మాట సరైనదే. దాన్ని మనం మగవాళ్లం మన కంచం నుంచి మొదలుపెడదాం. కూర వండగానే ఎంతమంది ఉంటే అన్ని గిన్నెల్లోకి వాటాలు వెయ్యాలి. అందరూ కలిసి కూర్చుని తినాలి. చద్దన్నం ఉంటే అందరికీ తలా ముద్ద. ఎవరి కంచం వాళ్లే కడుక్కోవాలి. కడిగే చేతికే, ఎంత వదిలేశామో తెలుస్తుంది.

నేను మొదటిరోజు చద్దన్నం నా కంచంలో పెట్టించుకుంటే మా ఇంటావిడ నవ్వి, ‘‘మీటింగులో ఎవరో గట్టిగా తలంటినట్టున్నారు’’ అంది. అవును, తలంటారు. తలంటిన ఆ పెద్దమ్మకీ, ఇన్నేళ్లు చివర తిన్న మా ఆవిడకీ నేను రుణపడి ఉన్నాను. ఆసామికి గానీ, ఫోటోల నాయకులకి గానీ నేను ఒక్క మెతుకు కూడా బాకీ లేను.