ఆన్‌లైన్ ఉన్నత విద్యలో కృత్రిమ మేధ: బోధనా రూపకల్పన ఆవశ్యకత

చిత్తూరు జిల్లా శాంతిపురానికి సమీపాన, మూడు రాష్ట్రాల సరిహద్దులోని కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం స్థాపించబడింది. కళాశాలకు వెళ్లలేని విద్యార్థికి 2017లో ఆరంభమైన ‘స్వయం’ వేదిక కోర్సులను ఇంటికే తెచ్చింది. అయితే వాటిలో అధికభాగం ఆంగ్లంలోనే ఉన్నవి. 2022లో వచ్చిన ‘భాషిణి’ వంటి కృత్రిమ మేధ సాధనాలు వాటిని తెలుగులోనికి మార్చుటకు తోడ్పడగలవు.

కాని అనువాదమొక్కటే బోధన కాదు. విగ్గిన్స్, మక్‌టై 1998లో వివరించిన రూపకల్పన క్రమం ఇది: మొదట విద్యార్థి ఏమి నేర్వవలెనో నిర్ణయించాలి, తరువాత దానిని పరీక్షించు విధానం, ఆ పిమ్మటే పాఠం. యంత్రం ప్రశ్నలను, పాఠాలను క్షణాలలో వ్రాయగలదు. తప్పును సైతం నిస్సంకోచంగా చెప్పగలదు. తరగతిలోనైతే సందేహం అడుగవచ్చును. ఇంట ఒంటరిగా చదువువానికి ఆ తప్పే పాఠమగును. కాబట్టి గమ్యమును నిర్ణయించుట, ప్రతి మాటను సరిచూచుట అధ్యాపకుని బాధ్యతయే.