టామీ కడుపులో వేరుశనగకాయలు

పిల్లలూ! మా యింట్లో టామీ అనే కుక్క వుండేది. 2019 వేసవిలో, దానికి పదేళ్ళు నిండినప్పుడు, వింత అలవాట్లు పట్టుకున్నాయి. గిన్నెలో పోసిన నీళ్ళు పోసినట్టే తాగేసేది. రాత్రివేళ వసారాలో మూత్రం పోసేది. ఎంత పెట్టినా ఆకలి తీరక వంటింట్లో దొంగతనానికి దిగింది.

ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి గదా, దానికి క్రమశిక్షణ తప్పిందనుకున్నాను. కసిరాను. రాత్రిళ్ళు పెరట్లో కట్టేసి, నీళ్ళగిన్నె కూడా తీసేశాను.

"తాతయ్యా, టామీ పొట్ట చూడు, కుండలా వుంది! పక్కల వెంట్రుకలు కూడా రాలిపోతున్నాయి," అన్నది మా మనమరాలు.

అప్పుడు పశువుల డాక్టరుగారి దగ్గరకు తీసుకుపోయాం. ఆయన అంతా విని, "మాస్టారూ, ముందు నీళ్ళగిన్నె తిరిగి పెట్టండి. నీళ్ళు మాన్పిస్తే ప్రాణానికే ముప్పు. దీని తప్పేమీ లేదు, యిది కుషింగ్ జబ్బులా వుంది," అన్నారు.

హార్వీ కుషింగ్ అనే అమెరికా శస్త్రవైద్యుడు 1932లో యీ జబ్బును మనుషులలో వివరించాడు. అందుకే ఆ పేరు. కుక్కలకూ యిది వస్తుంది.

కుక్క కడుపులో, మూత్రపిండాల పక్కన, రెండు చిన్న అడ్రినల్ గ్రంథులు వుంటాయి. వాటి మందం కొద్ది మిల్లీమీటర్లే. ఎడమది నడుమ నొక్కుకుని, అచ్చం వేరుశనగకాయలా వుంటుంది. అవి కార్టిసాల్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. అది తగుమాత్రంగా వుంటే మేలు, ఎక్కువైతే టామీకి వచ్చిన బాధలన్నీ వస్తాయి.

ఎక్కువెందుకవుతుంది? మెదడు అడుగున వుండే పిట్యూటరీ గ్రంథిని హెడ్మాస్టరనుకోండి. అడ్రినల్ గ్రంథులు రెండూ ఆయన చేతికింది మాస్టర్లు. హెడ్మాస్టరులో కంతి పుట్టి ఆపకుండా ఆజ్ఞలు పంపితే, యిద్దరూ అతిగా పనిచేసి వుబ్బుతారు. అట్లా కాక, ఒక మాస్టరులోనే కంతి పుట్టి తన యిష్టం వచ్చినట్టు పనిచేస్తే, హెడ్మాస్టరు ఆజ్ఞలు ఆపేస్తాడు. అప్పుడు రెండవ మాస్టరు పనిలేక చిక్కిపోతాడు. జబ్బుపడిన కుక్కలలో నూటికి ఎనభైకి పైగా మొదటి రకమే.

రక్తపరీక్ష చేస్తే జబ్బు వున్నదని తెలుస్తుంది. తప్పు ఎవరిదో తేల్చటానికి బొమ్మ ఎంతో సాయపడుతుంది. 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్స్‌రేలో ఎముకలు బాగా కనపడతాయిగాని, ఆరోగ్యంగా వున్న యీ గ్రంథులు కనపడవు. అందుకని అల్ట్రాసౌండ్ వాడతారు. మన చెవికి సెకనుకు 20,000 స్పందనల వరకే వినిపిస్తుంది, కుక్కకు సుమారు 45,000. యీ యంత్రం పంపే ధ్వనికి 50 లక్షల పైమాటే! అది కుక్కకు కూడా వినపడదు. ఆ ధ్వని లోపలి అవయవాలకు తగిలి ప్రతిధ్వనిస్తుంది. ఆ ప్రతిధ్వనులే తెరమీద బొమ్మ అవుతాయి.

టామీ పొట్టమీద వెంట్రుకలు గొరిగి, జిగురు పూసి, డాక్టరుగారు యంత్రం ఆనించారు. టామీ కదలక పడుకున్నది. తెరమీద గ్రంథులు రెండూ వుబ్బి కనిపించాయి.

"తప్పు హెడ్మాస్టరుదే, మాస్టారూ," అన్నారు డాక్టరుగారు నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఒకే గ్రంథిలో కంతి వుంటే ఆపరేషన్ చేసి తీసేయవచ్చు. ఆ పక్కనే పెద్ద సిర వున్నది గనుక, కంతి అందులోకి పాకిందేమో ముందుగా సి.టి. స్కాన్‌లో చూస్తారు. టామీకి రోజూ మాత్రలే సరిపోయాయి. జబ్బు పూర్తిగా పోకపోయినా, కొద్ది వారాలలో దాహం తగ్గింది. ఆ తరువాత అది రెండేళ్ళు బతికింది. దాని గిన్నెలో నీళ్ళు పోసే పని నేనెవరికీ యివ్వలేదు.

మీ కుక్క ఎక్కువగా నీళ్ళు తాగుతుంటే, రోజుకు ఎన్ని తాగుతున్నదో కొలిచి రాసిపెట్టండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే పది కిలోల కుక్క లీటరుకు మించి తాగితే, ఆ కాగితం డాక్టరుగారికి చూపించండి. ఆ పని నేను చేయవలసింది.